ఎవరు చంపారు? పసుపు, అల్ట్రాసౌండ్, ఒక ప్రాజెక్టు డైరీ

డిసెంబర్ 18

టాపిక్ ఖాయమైంది. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు అంటే మా మైక్రోబయాలజీ బ్యాచ్‌లో సగం మంది ఏదో ఒక ఆకు తెస్తారు. రుబ్బి, రసం తీసి, అగర్ ప్లేటులో గుంతలు చేసి, రసం పోసి, చుట్టూ ఎన్ని మిల్లీమీటర్లు తేటపడిందో కొలుస్తారు. వేపాకు, జామాకు, కానుగాకు సీనియర్లే అయిపోగొట్టేశారు. "ఈసారి ఇంకో ఆకు పట్టుకొస్తే సంతకం పెట్టను" అని మేడం ముందే చెప్పేశారు. మేం ఆకు తేలేదు, కొమ్ము తెచ్చాం. పసుపుకొమ్ము. దానికి అల్ట్రాసౌండ్ జోడించాం కాబట్టి సంతకం పడింది.

పద్ధతి పేరు సోనోడైనమిక్ థెరపీ. కొన్ని పదార్థాలు మామూలుగా బాక్టీరియా పక్కన ఊరికే పడి ఉంటాయి, పెద్దగా హాని చెయ్యవు. అల్ట్రాసౌండ్ తగిలితే మాత్రం రెచ్చిపోతాయి. శబ్దం నీళ్లలో వెళ్లేటప్పుడు కంటికి ఆనని బుడగలు పుడతాయి, ఉబ్బుతాయి, ఒక్కసారిగా కుప్పకూలతాయి. కూలే క్షణంలో బుడగ లోపల వేల డిగ్రీల వేడి, సన్నటి వెలుగు పుడతాయి. వాటివల్ల రెచ్చిన పదార్థం పక్కనున్న ఆక్సిజన్‌ను చురుకైన రూపంలోకి మారుస్తుంది. ఆ ఆక్సిజన్ బాక్టీరియా పొర, ప్రోటీన్లు, డి.ఎన్.ఎ. అని చూడకుండా దొరికిందల్లా పాడుచేస్తుంది. ఇందులో వెలుగు వాటా ఎంత, వేడి వాటా ఎంత అనేదాని మీద శాస్త్రవేత్తలే ఇంకా ఒక మాట మీదకు రాలేదు. మేం తేల్చేస్తామన్న భ్రమ లేదు.

1989లో జపాన్‌లో యుమిటా, ఉమెమురా బృందం హెమటోపోర్ఫిరిన్ అనే పదార్థంతో క్యాన్సర్ కణాల మీద దీన్ని చూపించింది. బాక్టీరియా మీదకు ఈ ఆలోచన తర్వాత వచ్చింది. ఉత్త శబ్దంతో బాక్టీరియాను చంపడం మాత్రం అంతకన్నా పాతది. 1929లోనే హార్వీ, లూమిస్ అనే ఇద్దరు వెలుగునిచ్చే బాక్టీరియాను శబ్దంతో ఆర్పేశారు.

ఇదంతా ఎందుకంటే, యాంటీబయాటిక్ గురిచూసి ఒక్కచోట కొడుతుంది. బాక్టీరియా ఆ ఒక్కచోటు మార్చుకుందా, మందు దండగ. మొండి బాక్టీరియా నేరుగా 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 12.7 లక్షల ప్రాణాలు తీసిందని లెక్క. మా డిపార్ట్‌మెంట్ వరండాలో ఎల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటో ఉంది. ఆయన ఆధ్వర్యంలో 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికొచ్చినప్పుడు ఈ గొడవ ఇంత దూరం వస్తుందని ఎవరనుకుంటారు. ఫొటోకు దండ మార్చేది అటెండర్ బాబాయ్. "ఆయన మన భీమవరంలో పుట్టినాయనేనమ్మా" అని ప్రతి కొత్త బ్యాచ్‌కీ చెబుతాడు.

మా ప్లాన్‌లో నాలుగు ట్యూబులు. ఏమీ చెయ్యనిది (కంట్రోల్) ఒకటి, కర్కుమిన్, అంటే పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం, మాత్రమే వేసింది ఒకటి, అల్ట్రాసౌండ్ మాత్రమే పెట్టింది ఒకటి, రెండూ కలిపింది ఒకటి. మేడం కాగితం చూసి, "నాలుగు చాలవు, మీకే తెలుస్తుంది" అన్నారు. ఎందుకో అడిగితే నవ్వి ఊరుకున్నారు.

జనవరి 4

నానమ్మ దుగ్గిరాల పసుపు అరకిలో కట్టి ఇచ్చింది. "మీ ల్యాబులో దొరికేదానికంటే ఇది మేలు" అని. వంటకైతే మేలే. కానీ పసుపులో కర్కుమిన్ నూటికి రెండు నుంచి ఐదు పాళ్లే, మిగతాది పిండి, నూనెలు, పీచు. ఏది పనిచేసిందో చెప్పలేని సరుకుతో మొదలుపెడితే మళ్లీ ఆకు రసం దగ్గరికే వస్తాం. అందుకని 95 శాతం కర్కుమిన్ కొన్నాం. అది కూడా ఒక్క పదార్థం కాదు, ముగ్గురు అన్నదమ్ముల్లాంటి మూడు కర్కుమినాయిడ్లు కలిసి ఉంటాయి. అంతవరకు సర్దుకోవాలి. నానమ్మ పసుపు హాస్టల్ పప్పులోకి పోయింది.

కర్కుమిన్ నీళ్లలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. 9.2 మిల్లీగ్రాములు తూచి 25 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో వేశాం, ఒక మిల్లీమోలార్ స్టాక్, అంటే తర్వాత పలుచన చేసి వాడుకునే చిక్కటి ద్రావణం. ఇక్కడే ఒక తప్పు చేశాం. అది తెలియడానికి ఫిబ్రవరి దాకా పట్టింది.

సాయంత్రం ఫ్లాస్క్ కడుగుతుంటే పసుపు వదలడం లేదు. పక్క బెంచీ మీదున్న సోడియం హైడ్రాక్సైడ్ కొంచెం పోశాను. ఒక్క క్షణంలో ఫ్లాస్క్ అంతా ఎర్రగా అయిపోయింది. నా పార్ట్‌నర్ "అయ్యో ఏం పోశావే" అని అరిచింది. అటెండర్ బాబాయ్ తొంగిచూసి, "పారాణి కలిపారా" అన్నాడు. నిజమే. పసుపులో సున్నం కలిపితే పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణి. క్షారం తగిలితే కర్కుమిన్ ఎర్రబడుతుంది. నోట్‌బుక్‌లో "క్షారం పనికిరాదు" అని పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

జనవరి 9

కెమిస్ట్రీ వాళ్ల దగ్గర్నుంచి అల్ట్రాసోనిక్ బాత్ అప్పు తెచ్చాం. కళ్లజోళ్ల షాపుల్లో అద్దాలు కడిగే తొట్టి లాంటిదే, కాస్త పెద్దది. 40 కిలోహెర్ట్జ్. పక్కన వాట్ల లెక్క స్టిక్కర్ ఉంది కానీ అది కరెంటు లెక్క, నీళ్లలోకి ఎంత దిగుతుందో అది చెప్పదు.

అందుకే ముందు పాతకాలపు పరీక్ష. చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ ముక్కను నీళ్లలో నిలువుగా వేలాడదీసి ఒక నిమిషం నడపాలి. బుడగలు పగిలినచోట ఫాయిల్‌కు చిల్లులు పడతాయి. తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే ఒకచోట జల్లెడ, దాని పైన వేలు మందం మేర ఏమీ లేదు, మళ్లీ జల్లెడ. తొట్టి అంతా ఒకేలా పనిచేస్తుందనుకున్నాం. చెయ్యదు.

తర్వాత కొలత. బీకరులో 100 మిల్లీలీటర్ల నీళ్లు పెట్టి రెండు నిమిషాలు నడిపితే 2.4 డిగ్రీలు పెరిగింది. లెక్క వేస్తే బీకరులోకి దిగుతున్నది ఎనిమిది వాట్ల చిల్లర. స్టిక్కర్ మీద ఉన్న అంకె చూసి మురిసిపోయినందుకు సిగ్గేసింది.

జనవరి 20

సంక్రాంతి సెలవులయ్యాయి. ఈరోజు బాక్టీరియా జోలికి పోలేదు, కానీ ప్రాజెక్టు మొత్తంలో నాకు గుర్తుండిపోయే రోజు ఇదే అనుకుంటా.

లూమినాల్ అనే రసాయనం ఉంది. చురుకైన ఆక్సిజన్ రూపాలు తగిలితే నీలంగా వెలుగుతుంది. రక్తపు మరకలు పట్టడానికి పోలీసు ల్యాబుల్లో వాడేది అదే. దాన్ని సోడా కలిపిన నీళ్లలో కరిగించి, బీకరులో పోసి బాత్‌లో పెట్టాం. కిటికీలకు నల్లగుడ్డ, తలుపు కింద సందుకు పాత యాప్రాన్. లైటు ఆర్పి చీకట్లో పది నిమిషాలు ఊరికే కూర్చున్నాం. కళ్లు చీకటికి అలవాటు పడకపోతే ఏమీ కనిపించదు. పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవడం మా ఇద్దరికీ ప్రయోగం కంటే కష్టమైంది.

స్విచ్ వేశాను. బాత్ రొద మొదలైంది. మొదట ఏమీ లేదు. తర్వాత బీకరు మధ్యలో మసక నీలం పట్టీ ఒకటి తేలింది, దాని పైన చీకటి, మళ్లీ ఇంకో పట్టీ. వెన్నెల్లో చారల దుప్పటి చూసినట్టుంది. బీకరును వేలితో కాస్త పైకెత్తితే పట్టీలు అక్కడే ఉన్నాయి, బీకరు మాత్రమే కదిలింది. ఆ వెలుగు నేరుగా బుడగల వెలుగు కాదు, బుడగలు పుట్టించిన రసాయనాలకు లూమినాల్ ఇచ్చిన జవాబు. అయినా ఎక్కడ పని జరుగుతోందో కళ్లతో చూడగలిగాం.

పట్టీకీ పట్టీకీ మధ్య స్కేలుతో కొలిస్తే రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1,480 మీటర్లు పోతుంది. 40 వేలతో భాగిస్తే అల పొడవు 3.7 సెంటీమీటర్లు, అందులో సగం 1.85. ఫాయిల్‌కు పడిన జల్లెడకూ లెక్క సరిపోయింది. చిన్న ట్యూబు పొరపాటున చీకటి పట్టీలో కూర్చుంటే దానికి అల్ట్రాసౌండ్ అందనట్టే. స్టాండుకు మార్కర్‌తో గీత గీశాం. ఇకమీదట ప్రతి ట్యూబూ ఆ గీత దగ్గరే.

జనవరి 27

మొదటి అసలు ప్రయోగం. చండీగఢ్‌లో సూక్ష్మజీవులను భద్రపరిచి పంపే ఎం.టి.సి.సి. నుంచి తెప్పించిన స్టాఫిలోకోకస్ ఆరియస్ అనే బాక్టీరియా (పొట్టిగా స్టాఫ్), నంబరు 96. పొడిగా, గాజు ఆంప్యూల్‌లో వస్తుంది. మిల్లీలీటరుకు సుమారు కోటి కణాలు ఉండేలా కలిపి, నాలుగు ట్యూబుల్లో పోసి, గట్టిగా మూతపెట్టాం. అల్ట్రాసౌండ్ తుంపర లేపుతుంది, మూత లేకుండా నడిపితే బాక్టీరియాను మనమే పీల్చుకుంటాం. పది నిమిషాలు నడిపి, ఇంకో పది నిమిషాలు కదలకుండా ఉంచి, అప్పుడు లామినార్‌లో, అంటే వడకట్టిన గాలి వీచే పెట్టెలో, మూత తీశాం.

మర్నాడు కాలనీలు లెక్కపెడితే, అల్ట్రాసౌండ్ మాత్రమే పెట్టిన ట్యూబులో కంట్రోల్ కంటే ఎక్కువ కాలనీలు! కంట్రోల్ కోటీ పది లక్షలు, ఇది కోటీ డెబ్బై లక్షలు. చంపడానికి పెడితే పెరిగాయి. పార్ట్‌నర్ లేబుళ్లు తారుమారు చేశావంది. లేదన్నాను. మాటా మాటా పెరిగింది. ఇద్దరం మధ్యాహ్నం వేర్వేరుగా భోంచేశాం.

మేడం దగ్గరికెళ్తే ఒక్క ప్రశ్న వేశారు: "స్టాఫ్ మైక్రోస్కోపులో ఎలా ఉంటుంది?" ద్రాక్షగుత్తిలా. దాని పేరుకు అర్థమే అది. ప్లేటు మీద గుత్తి మొత్తం పడితే ఒక్కటే కాలనీ వస్తుంది. తక్కువ అల్ట్రాసౌండ్ గుత్తులను విడగొట్టింది, ఒక కాలనీ లెక్కన రావాల్సింది నాలుగయ్యాయి. బాక్టీరియా పెరగలేదు, మా లెక్కే ఇన్నాళ్లూ తక్కువ. ఇకపై అన్ని ట్యూబులనూ ముందు వోర్టెక్స్ అనే కుదిపే యంత్రం మీద బాగా కలిపి, మైక్రోస్కోపులో గుత్తులు విడిపోయాయని చూశాకే మొదలుపెట్టాలి. పార్ట్‌నర్‌కు సారీ చెప్పాను. తను కూడా చెప్పింది, కాస్త ఆలస్యంగా.

ఫిబ్రవరి 3

ఈసారి ఉత్త కర్కుమిన్ ట్యూబు మోసం చేసింది. అల్ట్రాసౌండ్ తగలకుండానే కోటి కాస్తా పదిహేను లక్షలైంది. కర్కుమిన్ ఒంటరిగా అంత గొప్పదైతే అల్ట్రాసౌండ్ ఎందుకు?

రెండు రోజులు ఏదేదో ఆలోచించి ఆఖరికి తల పైకెత్తి చూశాను. లామినార్‌లో తెల్లటి ట్యూబులైటు, దాని కిందే అరగంట నుంచి కర్కుమిన్ ట్యూబు. కర్కుమిన్ 420 నానోమీటర్ల దగ్గర, అంటే నీలం వెలుగును బాగా తాగుతుంది. తాగితే చేసేది అదే పని, చురుకైన ఆక్సిజన్ పుట్టించడం. మా బాక్టీరియాను చంపింది ట్యూబులైటు.

ఇది చదువుకున్న పాఠమే. 1890ల చివర్లో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి అక్రిడిన్ రంగుతో పేరమీసియాలనే ఏకకణ జీవుల మీద పనిచేస్తున్నాడు. ఒకరోజు తొందరగా చచ్చాయి, ఇంకోరోజు ఎంతసేపటికీ చావలేదు. తేడా ఏమిటంటే ఆరోజు మబ్బు పట్టి ల్యాబులో వెలుతురు తగ్గింది. రంగునూ వెలుగునూ కలిపి చేసే చికిత్సకు అక్కడే బీజం పడింది. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా ఇది రాశాను కూడా. రాసినదాన్ని బెంచీ మీద గుర్తుపట్టలేకపోయాను.

మందు: అన్ని ట్యూబులకూ ఫాయిల్ చుట్టడం, గది లైట్లు ఆర్పడం, పని చేసుకోడానికి ఎర్రలైటు. ఎర్ర వెలుగును కర్కుమిన్ పట్టించుకోదు. ఎర్రలైటు ఎక్కడిదంటే, దేవుడి గూట్లో పెట్టే జీరో బల్బు. బజార్లో ఒకటి కొని హోల్డరుకు తగిలించాం. ఆ ఎర్ర వెలుగులో మేడం లోపలికొచ్చి "హారతి ఎప్పుడు" అన్నారు.

ఫిబ్రవరి 12

చీకట్లో చేశాం. ఇప్పుడు నాలుగు ట్యూబులూ ఒకటే. కంట్రోల్ ఎంతో, రెండూ కలిపిందీ దాదాపు అంతే. ప్రాజెక్టు రివ్యూ ఇంకో పది రోజుల్లో ఉంది, చేతిలో ఉన్నది సున్నా. టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

తప్పు జనవరి 4నాటిది. స్టాక్ ఒక మిల్లీమోలారే. మాకు కావాల్సింది 50 మైక్రోమోలార్. అంటే ఇరవైకి ఒక వంతు స్టాక్, ట్యూబులో 5 శాతం ఆల్కహాల్. బుడగలు పుట్టించే రాడికల్స్‌ను, అంటే దేనితోనైనా తగువుకెళ్లే చురుకైన అణువుల ముక్కలను, ఆల్కహాల్ ఎదురెళ్లి మింగేస్తుంది. నిప్పు పెడుతూ పక్కనే నీళ్లు చల్లుతున్నామన్నమాట.

ఇంకోటి, ట్యూబుల్లో మేం వాడుతున్నది పి.హెచ్. మారకుండా పట్టి ఉంచే ఫాస్ఫేట్ బఫర్. 7.2 పి.హెచ్. దగ్గర, 37 డిగ్రీల వేడిలో కర్కుమిన్ అరగంటలో నూటికి 90 పాళ్లు విరిగిపోతుందని ప్రచురితమైన పని ఉంది. మా గది అంత వేడి కాదు కానీ, అరగంట చీకట్లో నానబెట్టిన ట్యూబులో పసుపు వెలిసిన మాట నిజం. చూశాం, పట్టించుకోలేదు.

రెండూ సరిచేశాం. 18.4 మిల్లీగ్రాములు ఐదు మిల్లీలీటర్లలో, పది మిల్లీమోలార్ స్టాక్. ఇప్పుడు ట్యూబులో ఆల్కహాల్ అర శాతమే. బఫర్ బదులు సెలైన్. కర్కుమిన్ అడుగున పొడిలా దిగకుండా సబ్బులాంటి ట్వీన్ 80 ఒక చుక్క. ఇదంతా వేసి కర్కుమిన్ వెయ్యని ట్యూబు ఒకటి కొత్తగా చేరింది. ఐదో ట్యూబు. మేడం డిసెంబర్‌లో నవ్వింది ఇందుకే.

ఫలితం: రెండూ కలిపిన ట్యూబులో కోటి, ముప్పై లక్షల చిల్లరకు దిగింది. అర లాగ్ (పదో వంతుకు తగ్గితే ఒక లాగ్ అంటాం). పత్రికలో వేసుకునేంత కాదు కానీ మొదటిసారి నాలుగో ట్యూబు మిగతావాటికంటే వేరుగా కనిపించింది.

ఫిబ్రవరి 21, 22

మా బావ తెనాలిలో ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతాడు. మోకాళ్ల నొప్పులకు, భుజం పట్టేసినవాళ్లకు వాడే అల్ట్రాసౌండ్ మెషీన్ ఆయన దగ్గరుంది. ఒక మెగాహెర్ట్జ్, చదరపు సెంటీమీటరుకు రెండు వాట్ల దాకా పెట్టుకోవచ్చు. ఫోన్ చేసి అడిగితే, "క్రిములకు కూడా ఒళ్లునొప్పులా మరదలా" అని వెక్కిరించి శనివారం రాత్రి ఇచ్చాడు. షరతు ఒకటే, సోమవారం పొద్దున్న పదింటికి పేషెంట్ ఉంది. క్లినిక్‌లో బాక్టీరియా తియ్యకూడదు కాబట్టి మెషీన్‌నే ల్యాబుకు మోసుకొచ్చాం.

ఈ మెషీన్ ఎందుకంటే, బుడగ సైజు శబ్దాన్ని బట్టి ఉంటుంది. 40 కిలోహెర్ట్జ్ దగ్గర జోరుగా ఊగే బుడగ 80 మైక్రాన్ల వ్యాసార్ధం, ఒక మెగాహెర్ట్జ్ దగ్గర మూడు మైక్రాన్లు. స్టాఫ్ కణం ఒక మైక్రాన్. పెద్ద బుడగలు పెద్ద దెబ్బ కొడతాయి, మందు ఉన్నా లేకపోయినా కణం చితుకుతుంది. మాకు కావాల్సింది మందు పనిచెయ్యడం. పైగా రేప్పొద్దున ఇది ఒంటి మీద వాడాలంటే ఒంటికి ఇప్పటికే వాడుతున్న మెషీన్‌తోనే పనవ్వాలి. నీలం వెలుగు చర్మంలో మిల్లీమీటరు దిగడమే గగనం, ఈ శబ్దం సెంటీమీటర్ల లోతుకు పోతుంది. ఎముక దగ్గరున్న ఇన్‌ఫెక్షన్ మీద వెలుగును ఎలా పంపుతాం?

హెడ్‌ను తలకిందులుగా క్లాంపుకు బిగించి, మీద జెల్ రాసి, ఆరు గుంతల ప్లాస్టిక్ ప్లేటును దాని మీద కూర్చోబెట్టాం. గాలిలో ఒక్క క్షణం కూడా నడపకూడదు, హెడ్ కాలిపోతుందని బావ పదిసార్లు చెప్పాడు. శనివారం రాత్రి ఐదు నిమిషాలు ఆపకుండా నడిపి గుంతలో థర్మామీటర్ పెడితే 46 డిగ్రీలు. మొదలుపెట్టినప్పుడు 28. శబ్దం కంటే ప్లాస్టిక్, హెడ్ వేడెక్కడమే ఎక్కువ. ఇలా వదిలేస్తే వైవాలో మొదటి ప్రశ్న "వేడికి చచ్చాయేమో కదా" అనే వస్తుంది.

అందుకని పల్స్ మోడ్‌లో సగం సమయమే శబ్దం, నిమిషం నడిపి నిమిషం ఆపడం, చుట్టూ ఐస్ ప్యాకులు. వేడి 34 దాటలేదు. మరో ట్యూబును వాటర్ బాత్‌లో 37 దగ్గర అంతేసేపు ఉంచాం, వేడి వాటా ఎంతో చూడ్డానికి. అది ఆరోది.

ఆదివారం పొద్దున్నుంచి రాత్రి తొమ్మిది దాకా. మధ్యలో అరగంట కరెంటు పోయింది, ఒక సెట్ మొత్తం పారేశాం. అటెండర్ బాబాయ్‌కు ఆదివారం సెలవు, అయినా తాళాలు తీసి మధ్యాహ్నం పులిహోర తెచ్చిపెట్టాడు. అదీ పసుపే.

ఫిబ్రవరి 23

ప్లేట్లు లెక్కపెట్టాం. కంట్రోల్ కోటి. ఆల్కహాల్, ట్వీన్ ట్యూబు దాదాపు అంతే. వేడి ట్యూబు అంతే. చీకట్లో కర్కుమిన్ 80 లక్షలు. ఉత్త అల్ట్రాసౌండ్ 70 లక్షలు. రెండూ కలిపింది లక్షా ముప్పై వేలు.

మొదట నమ్మలేదు. డైల్యూషన్ లెక్కలో సున్నా ఎగిరిపోయిందేమోనని ఇద్దరం విడివిడిగా మళ్లీ వేశాం. అదే వచ్చింది, 1.9 లాగ్.

ఆదివారమే చేసిన మిగతా రెండు సెట్లలో ఒకటి 1.6, ఇంకొకటి 0.7. ఆ 0.7 ఎందుకో నాకు తెలుసు. ప్లేటు ఎత్తినప్పుడు జెల్‌లో రూపాయి బిళ్లంత గాలిబుడగ కనిపించింది, శబ్దం అక్కడే ఆగిపోయి ఉంటుంది. ఆ సెట్‌ను తీసేద్దామని పార్ట్‌నర్, ఉంచి కారణం రాద్దామని నేను. ఉంచాం.

99 శాతం చచ్చాయంటే వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, సబ్బు ప్రకటనలా. కోటిలో 99 శాతం పోతే లక్ష మిగులుతాయి. స్టాఫ్ మంచి తిండి దొరికితే అరగంటకు ఒకసారి రెట్టింపవుతుంది. లక్ష మళ్లీ కోటి కావడానికి మూడున్నర గంటలు చాలు. బాక్టీరియాను చంపే మందు అనిపించుకోవాలంటే కనీసం మూడు లాగ్‌లు, అంటే 99.9 శాతం దించాలి. మేం అక్కడికి చేరలేదు.

మార్చి 8

బావను బతిమాలి ఇంకో ఆదివారం సంపాదించాం. ఈసారి ఈ.కోలై అనే ఇంకో బాక్టీరియా. ఫలితం 0.2 లాగ్, అంటే ఏమీ లేనట్టే. ఊహించిందే. స్టాఫ్‌కు గోడ మందమే కానీ జల్లెడలాంటిది, ఈ.కోలైకి ఆ గోడ బయట ఇంకో పొర, రెయిన్‌కోటులాగా. కర్కుమిన్ లోపలికి పోదు. పుట్టిన చురుకైన ఆక్సిజన్ ఆయుష్షు క్షణంలో చిన్నపాటి వంతు, పుట్టినచోటు నుంచి దూరం పోలేదు. మందు కణానికి అంటుకుంటేనే దెబ్బ తగులుతుంది. ఆ పొరను కాల్షియం, మెగ్నీషియం పట్టి ఉంచుతాయి కాబట్టి వాటిని లాగేసే ఇ.డి.టి.ఎ. కాస్త కలిపి చూస్తే 0.9కి పెరిగింది. ఇ.డి.టి.ఎ. ఒక్కటే వేస్తే ఎంత అని మేడం అడగకముందే ఆ ట్యూబు కూడా పెట్టాం. నేర్చుకుంటున్నాం.

మార్చి 15

చురుకైన ఆక్సిజన్ పుట్టిందని రుజువు కావాలి. డి.పి.బి.ఎఫ్. అనే పసుపురంగు పదార్థం ఆ ఆక్సిజన్ తగిలితే రంగు కోల్పోతుంది, 410 నానోమీటర్ల దగ్గర కొలవాలి. కొని, కలిపి, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టాక గానీ వెలగలేదు, కర్కుమిన్ తాగేదీ అక్కడే. పసుపులో పసుపు వెతికినట్టుంది. ఆ డబ్బు పోయినట్టే, సీసా జూనియర్లకు.

దాంతో అడ్డదారి. చురుకైన ఆక్సిజన్‌ను మింగే పదార్థాన్ని ముందే కలిపితే చావులు తగ్గాలి. సోడియం అజైడ్ వాడాలని పుస్తకాల్లో ఉంది. అది విషం, సింకులో పోస్తే లోహపు పైపుల్లో పేలే పదార్థం తయారవుతుంది, పైగా బాక్టీరియాను తనే అణిచేస్తుంది. వద్దనుకుని హిస్టిడిన్ తీసుకున్నాం. రాడికల్స్‌ను మింగడానికి మ్యానిటాల్ వేరే ట్యూబులో. ఏదీ కలపకపోతే 1.8 లాగ్, మ్యానిటాల్‌తో 1.5, హిస్టిడిన్‌తో 0.6. చురుకైన ఆక్సిజన్ రూపాల్లో ఒకటైన సింగ్లెట్ ఆక్సిజన్ వైపు వేలు చూపిస్తోంది. కానీ హిస్టిడిన్ రాడికల్స్‌ను కూడా మింగగలదు కాబట్టి వేలు మాత్రమే చూపిస్తోంది, చెయ్యి పట్టుకోలేదు. రిపోర్టులో అలాగే రాశాం. "తేలింది" అన్న మాట కొట్టేసి "సూచిస్తోంది" అని పెట్టించారు మేడం.

నాలుగు ట్యూబులతో మొదలైన ప్లాన్‌లో ఇప్పుడు పదకొండున్నాయి.

మార్చి 17

ఎల్లుండి ఉగాది. మెషీన్ నిన్న తిరిగిచ్చేశాం. హెడ్‌ను స్పిరిట్‌తో మూడుసార్లు తుడిచాం, కానీ కేబుల్ మీద పడ్డ కర్కుమిన్ మరక వదల్లేదు. సోడా రాస్తే పారాణి అవుతుందని ముట్టుకోలేదు.

మధ్యాహ్నం బావ ఫోన్. మోకాలినొప్పికి వచ్చిన ఒక పెద్దావిడ కేబుల్ చూసి, "కొత్త మిషనా బాబూ, పసుపు రాసి పూజ చేయించావా" అని అడిగిందట. బావ అవునన్నాడట.

బయోఫిల్మ్ ప్లేట్లు, అంటే బాక్టీరియా జిగురుపొరలా అంటుకుని పెరిగేవి, ఇంక్యుబేటర్‌లో ఉన్నాయి. గురువారం పండగ కాబట్టి రేపు సాయంత్రమే తీసి లెక్కపెట్టాలి. ఎర్ర జీరో బల్బు మాడిపోయింది, వచ్చేటప్పుడు ఒకటి కొనాలి.